వడ్ల కుప్పలో తీసిన కొలత

చొప్పదండి,
ఏప్రిల్ 29.

మహమూద్ భాయ్,

మా రేవతి కూర్చున్నది.

ఎట్లున్నవు, భాభీ ఎట్లున్నది అని అడగకముందే ఇది రాసినందుకు ఏమీ అనుకోకు. బిడ్డ పుట్టి ఎనిమిదేండ్లాయె. అప్పటి నుంచి ఈ ఒక్క మాట ఎవరికన్నా రాయాలని నా చెయ్యి గుంజుతనే ఉన్నది. ఫోన్ చేద్దామనుకున్న. కానీ నీ చెవులు బొగ్గుబావి తూటాలకే పాయె. ఫోన్ చేస్తే భాభీ ఎత్తి, నేను చెప్పింది సగం, తనకు తోచింది సగం కలిపి నీ చెవిలో అరుస్తది. ఈ సంగతి సగం సగం చేరొద్దని ఉత్తరం రాస్తున్న.

వడ్లు కోసి కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసిన. తేమ ఉన్నదని కాంటా పెడుతలేరు. కావలి నేనే. మొన్న సరోజనకు జ్వరం వచ్చి లేవలేదు. ఇంట్లో పిల్లను చూసేటోళ్లు లేక, ఎత్తుకొని కుప్ప దగ్గరికే తీసుకపోయిన. నీకు తెలుసు గదా, దాని మెడ నిలబడుతది, చేతులు ఆడుతయి, మాటలు మెల్లగ వస్తయి. నడుమే నిలబడదు. గోడకు ఆనిచ్చినా, చుట్టూ దిండ్లు పెట్టినా తడిబట్ట లెక్క ఒక దిక్కుకు జారుతది. సర్కారు క్యాంపులో చక్రాల కుర్చీ ఇచ్చిండ్రు గానీ అది పెద్దమనిషి కొలత. అందులో పెడితే పిల్ల కిందికి జారి గడ్డం మాత్రం కనపడుతది. దాని మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నం.

పండుకోబెడితే ఎండ కండ్లలో కొడుతున్నది. ఏం చేయాలో తోచక కుప్ప అంచున చేతులతో గుంత చేసిన. కాళ్లు కిందికి ఉండేటట్టు మెట్టు లెక్క తీసి, నా ధోవతి పరిచి, పిల్లను అందులో దింపి, వెనుకా పక్కలా వడ్లు ఎగదోసిన.

అది నన్నే చూస్తూ, "బాపూ, నన్ను పాతిపెడుతున్నవా?" అన్నది.

"లేదు బిడ్డా, నాటేస్తున్న" అన్న.

చేతులు మెల్లగ తీసేసిన. పడుతదని కాచుకొని నిలబడ్డ. పడలేదు భాయ్. వడ్లు అన్ని దిక్కుల నుంచి పట్టుకున్నయి. ఒక దిక్కు ఒరిగితే ఆ దిక్కు వడ్లే ఎదురు నిలబడుతున్నయి. పక్క ఊరి హమాలీ మొండయ్య అటు పోతూ, "ఏందే ముసలోడా, నీ మనుమరాలు రాణి లెక్క కూసున్నది" అన్నడు. బిడ్డ అని చెప్పిన. నా నెత్తిని, దాని మొఖాన్ని మార్చి మార్చి చూసి, "మంచిగున్నది, నీకు ముసల్తనం ఎక్కడిదే మరి" అని నవ్వుకుంట పోయిండు. నాకు కోపం రాలేదు. ఆ రోజు నన్ను ఎవరేమన్నా కోపం రాకపోయేది.

పొద్దు వాలేదాకా కూర్చున్నది. వేలితో వడ్ల మీద 'అ' రాసింది. వారానికోసారి ఇంటికి వచ్చి అక్షరాలు చెప్పే విజయేందర్ సార్ ఈ సంగతి విని ఒక మాటన్నడు. "పడకుండా కూర్చునే కుర్చీ ఉంటే బడికి తీసుకురా, అందరితో పాటు బల్ల ముందు కూర్చోబెడతాను. పట్టుకొని నిలబడాలంటే మాత్రం నేనొక్కణ్ని, మిగతా పిల్లలను ఎవరు చూస్తారు?" అన్నడు. ఆయన తప్పేం లేదు.

అందుకే అడుగుతున్న. నేనూ నువ్వూ ఇరవై ఏండ్లు గనిలో కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టినం. మన కట్టెల కింద ఎంతమంది అన్నం తిని లేచిండ్రు. నా బిడ్డ నడుము ఒక్కటి నిలబెట్టియ్యి. వడ్లు పట్టుకున్నట్టు పట్టుకునే కుర్చీ కావాలె. జూన్‌లో బళ్లు తెరుస్తరు.

నీ తమ్ముడు
గట్టయ్య


జైనూర్,
మే 9.

తమ్మీ గట్టయ్యా,

నీ ఉత్తరం చదువుతుంటే షాజాదీ నా మొఖం చూసి, ఎవరో పోయిండ్రనుకొని కొంగు నోట్లో పెట్టుకున్నది. సంతోషం రాసేటప్పుడైనా అక్షరాలు జర నిలబెట్టి రాయరాదూ? నీ బిడ్డ వడ్ల మీద రాసిన 'అ' నీ రాత కన్న మంచిగుంటదని పందెం.

మంచాలు చేసిన, అల్మారాలు చేసిన, మసీదుకు మెట్ల కటకటా చేసిన. ఇసొంటి కుర్చీ చేయలేదు. మామూలు కుర్చీకి మనిషి సర్దుకుంటడు. దీనికి కుర్చీయే మనిషికి సర్దుకోవాలె. అందుకే కొలతలు సరిగ్గ కావాలె. నువ్వు గనిలో చేసినట్టు కండ్లతో చూసి "గింత, భాయ్" అంటే నడువదు.

పిల్లను సాపగ పండుకోబెట్టి తాడుతో కొలువు. పిర్ర నుంచి మోకాలు, మోకాలు నుంచి పాదం, నడుము వెడల్పు, సంక కింది దాకా ఎత్తు. ఏ దిక్కు ఎక్కువ ఒరుగుతదో అది కూడా రాయి. ఇంకొకటి. దర్జీ లంగాకు మడత వదిలినట్టు, పెరుగుడుకు ఎంత వదలాల్నో చెప్పు.

సరోజన చెల్లెకు జ్వరం తగ్గిందా? ఫికర్ చెయ్యకు. జూన్ అంటున్నవు, జూన్‌కు ఇస్త.

మహమూద్


చొప్పదండి,
మే 18.

మహమూద్ భాయ్,

నీ ఉత్తరం సరోజనకు చదివి వినిపించిన. తాడుతో కొలువు అనే దగ్గరికి వచ్చేసరికి చేతిలో గిన్నె కింద పెట్టింది.

"పండుకోబెట్టి తాడుతోని కొలుసుడా? గట్ల ఎవల్ని కొలుస్తరో నీకెరుక లేదా? పెద్దన్నకైతే తెల్వది, నీకు గూడ తెల్వదా?"

నీకు తెల్వదు గానీ భాయ్, మా దిక్కు పాడె కట్టేటప్పుడే మనిషిని అట్ల కొలుస్తరు. పాణమున్న మనిషిని పండుకోబెట్టి కొలిచేది లేదు. అందులో మా బిడ్డ పుట్టంగనే ఏడవలేదు, పోయిందనే అనుకున్నరు. అప్పటి నుంచి సరోజనకు తాడన్నా టేపన్నా భయం. అంగన్‌వాడీల పోశవ్వ కొలత పట్టడానికి వస్తే కూడా పిల్ల నిద్రపోతుందని చెప్పి పంపిస్తుండె.

నిలబెట్టి కొలుద్దామంటే పిల్ల నిలబడదు. కూర్చోబెట్టి కొలుద్దామంటే కూర్చోదు. పండుకోబెట్టి కొలుద్దామంటే తల్లి ఒప్పుకోదు. మంచం పట్టె మీద కూర్చొని పిల్లను చూసుకుంట ఉన్న. కుర్చీ చేసేటోడు ఉన్నడు, కూర్చునే పిల్ల ఉన్నది, నడుమ ఈ తాడు ఒక్కటి.

ఆఖరుకు పిల్లనే తెలివి చెప్పింది. "బాపూ, వడ్లల్ల నా గుంత ఇంకున్నదా?" అని అడిగింది.

మా కుప్ప ఇంకా కాంటా కాలేదు. సరోజనను కూడా తోలుకపోయిన. అంతకుముందు లెక్కనే గుంత చేసిన గానీ, ఈసారి వడ్ల మీద నీళ్లు చల్లిన. పొడి వడ్లయితే పిల్లను లేపంగనే జారి గుంత మూసుకపోతది గదా. తేమ తగ్గాలని ఊరంతా వడ్లు ఎండబెడుతుంటే నేను నీళ్లు చల్లుడు చూసి కేంద్రమోళ్లు ఉరికొచ్చిండ్రు. "గట్టయ్యా, నీకు గాని ఎర్రి లేసిందా?" అన్నరు. లేసిందనే చెప్పిన.

పిల్లను అందులో కూర్చోబెట్టి, కాసేపు ఉంచి, ఆమె ఒక రెక్క, నేనొక రెక్క పట్టి నిట్టనిలువు పైకి లేపినం. గుంత అట్లనే ఉన్నది. పిల్లను కొలువలేదు భాయ్, గుంతను కొలిచిన. సరోజన పక్కకు నిలబడి చూసి, "గుంతనే గదా" అన్నది. ఆమెనే దారాలు తెంపి ఇచ్చింది, పసుపు కూడా పెట్టింది.

అవే ఈ కవర్లో ఉన్నయి. ఎర్ర దారం పిర్ర నుంచి మోకాలు. నల్లది మోకాలు నుంచి పాదం. తెల్లది వీపు ఎత్తు. పచ్చది నడుము వెడల్పు. కుడి దిక్కే ఎక్కువ ఒరుగుతది, ఆ దిక్కు గుంత లోతు పడ్డది.

పెరుగుడు సంగతి అడిగినవు. కరీంనగర్‌లో పెద్ద డాక్టరు పోయినేడే చెప్పిండు, ఎదుగుదల మీద ఆశ పెట్టుకోవద్దని. మూడేండ్ల కింద కుట్టిన గౌను ఇప్పటికీ పడుతున్నది. సరోజన ఏమన్నదో అదే రాస్తున్న. "ఉన్నంతనే అడుగు. ఎక్కువ అడిగితే ఉన్నది గూడ గుంజుకుంటడు దేవుడు." కాబట్టి ఏమీ వదలకు. దారం ఎంత ఉన్నదో అంతనే చేయి.

గట్టయ్య


జైనూర్,
జూన్ 6.

తమ్మీ,

కుర్చీ అయింది. మా అక్క కొడుకు సాదిక్ పప్పు బస్తాల బండి వేసుకొని సోమవారం కరీంనగర్ వస్తుండు. బస్తాల నడుమ చాదర్ చుట్టి పెట్టిన. చొప్పదండిలో దింపి పోతడు.

కూర్చునే పలక వెనక్కి జర వాలి ఉంటది, ముందుకు జారకుండా. కుడి చెయ్యి పలక ఎడమదాని కన్న ఎత్తు. చూసినోళ్లు వంకర కుర్చీ అంటరు. అననియ్యి. నీ బిడ్డకు తప్ప ఇంకెవ్వరికీ అది కుర్చీయే కాదు. కడుపు ముందుకు అడ్డం పట్టె ఉన్నది, అది పెడితే బడి బల్ల కిందికి సరిగ్గ జొరబడుతది. పాదాలకు కింద పీట.

కట్టె ఎక్కడిదని అడగకు. మంచి టేకు. ఎండా వానా చూసి చూసి ఇక వంగేది మానేసిన కట్టె. పిల్ల వీపుకు ఒక్క పేడు గుచ్చుకోవద్దని రందా పట్టి పట్టి నున్నగ చేసిన. పాత రంగు, మేకుల గుంతలు, గీతలు, ఏ ఒక్కటీ మిగలకుండా తీసేసిన. నా చెవులు పోయినయి గానీ వేళ్లు పోలేదు, చేయి పెట్టి చూడు.

పెరుగుడుకు నువ్వు చెప్పినట్టే. ఏమీ వదలలేదు.

దారాలు కుర్చీకే కట్టి పంపుతున్న. అవి నా దగ్గర పెట్టుకోబుద్ధి కాలేదు.

మహమూద్


చొప్పదండి,
జూన్ 24.

మహమూద్ భాయ్,

సాదిక్ నీకు చెప్పిండో లేదో. చెప్పకపోతే నా మీద కోపం పెట్టుకోకు, చెప్పే ధైర్యం వాడికి లేదు. కుర్చీ రాలేదు. దారిలో ఫారెస్టోళ్ల చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి, చాదర్ విప్పి చూసి, టేకు సామానుకు కాగితం ఏది అన్నరట. పాత కట్టె అని వాడు చెప్పిండట. "పాతదా? గీ మెరుపు చూడు, నిన్న కోసినట్టున్నది" అన్నరట. కుర్చీ దింపుకొని బండిని వదిలిండ్రు.

బళ్లు తెరిచిండ్రు. తొలిరోజు పొద్దున్నే సరోజన పిల్లకు తలంటి, రెండు జడలేసి, రిబ్బన్లు కట్టింది. కుర్చీ మధ్యాహ్నానికన్నా వస్తదని చూసినం. పొద్దు గూకినంక రిబ్బన్లు విప్పింది.

నేను రెండు బస్సులు మారి ఆ చెక్‌పోస్టుకు పోయిన. ఆఫీసరు మంచోడే, కూర్చోమన్నడు. "పెద్దాయనా, చిన్నపిల్ల కుర్చీ అని నాకు కనపడుతూనే ఉంది. కానీ కేసు రాసి కాగితం పైకి పంపాము. పై నుంచి వచ్చేదాకా నా చేతిలో ఏమీ లేదు" అన్నడు. ఆయన చేతిలో లేదు, నా చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉన్నదో ఆ మనిషి ఎక్కడుంటడో అక్కడ ఎవరికీ తెల్వదు.

వసారాలో పెట్టిండ్రు భాయ్. పట్టుకున్న దుంగల పక్కకు, కాలికి నంబర్ చీటీ కట్టి ఉన్నది. తొలిసారి చూసుడు. చేయి పెట్టి చూసిన. నువ్వు రాసింది నిజం, వెన్న లెక్క ఉన్నది. నీ దారాలు అట్లనే వేలాడుతున్నయి. అక్కడి కావలి మనిషి అంజన్న, "ముట్టుకోవద్దు తాతా, కేసు మాలు" అన్నడు. తర్వాత నా మొఖం చూసి ఇంకో దిక్కుకు తిరిగి నిలబడ్డడు.

"ఎవలన్న కూసుంటే ఇరుగుతది బిడ్డా, జర చూసుకో" అని బతిలాడిన.

"ఎవలు కూసుంటరే, దాంట్ల నా ఒక్క కాలు గూడ పట్టది" అన్నడు. పోయేటప్పుడు చూసిన, దాని మీద టార్పాలిన్ పట్టా కప్పుతున్నడు.

ఆ కట్టె పాతదని చూపేటందుకు ఏదన్నా గుర్తు ఉన్నదా? ఎక్కడిదని అడగొద్దన్నవు. ఇప్పుడు అడుగుతున్న.

గట్టయ్య


జైనూర్,
జూలై 7.

గట్టయ్య భాయ్‌కి షాజాదీ బేగం సలాం.

నా రాత బాగుండదు, ఏడో క్లాసు దాకే చదివిన, ఓపికగ చదువుకోండి. మీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులాయె, ఈయన దాన్ని చేతిలోంచి దించుతలేడు. రాయమంటే రాస్తలేడు. అందుకే నేను రాస్తున్న.

ఆ కట్టె మా ఇంటి తలుపుది. మా మామ కట్టించిన ఇల్లు, రెండు రెక్కల తలుపు. ఈయన ఒక రెక్క విప్పి మీ బిడ్డకు కుర్చీ చేసిండు. బజారుల కొత్త టేకు కొందామంటే, "కొత్త కట్టె ఇంకా పాణమున్నట్టు మెదులుతది, పిల్ల వీపుకు పనికిరాదు" అన్నడు. నేనేం వద్దనలేదు. సగం తలుపుకు చీర కట్టిన. మేకలు వచ్చి తల పెట్టి చూస్తున్నయి, అంతే.

కానీ చూడండి, ఆ రెక్క మీద మా పెండ్లి నాటి ఆకుపచ్చ రంగు ఉండె. గొళ్లెం గుంత ఉండె. పిల్లలు గీసిన గీతలుండె. అన్నీ ఈయనే గీకి గీకి తీసేసిండు. పాత తలుపు అని చెప్పే గుర్తు ఒక్కటి మిగిలినా కుర్చీ మీ ఇంట్ల ఉండేది. "నా చేతులే నా మీద సాక్ష్యం చెప్పినయి" అని గోడకు చెప్పుకుంటుండు.

ఇప్పుడు రెండో రెక్క విప్పుతుండు. దాన్ని తీసుకపోయి పక్కకు పెట్టి చూపిస్తడట, రెండూ ఒక్క చెట్టువని, ఒక్క తలుపువని. నాకు మనసొప్పుతలేదు. చెప్పినా వినపడదు గదా ఈయనకు, వినపడనియ్యడు కూడా.

సరోజనకు, బిడ్డకు నా దువా.


జైనూర్,
ఆగస్టు 4.

తమ్మీ,

రెండో రెక్క కూడా పెట్టుకున్నరు.

చెక్‌పోస్టుకు తెచ్చింది టేకు, దానికీ కాగితం లేదు. నేను కుర్చీ పక్కకు రెక్కను నిలబెట్టి, వేలు పెట్టి కట్టె గీతలు చూపిచ్చిన. ఇది ఇక్కడ ఆగి అక్కడ మొదలైతది, చూడుండ్రి అన్న. వాళ్లు ఏదో అన్నరు. నేను నోర్లు చూస్తూ నిలబడ్డ. షాజాదీ నా చెవిలో అరిచింది గానీ ఆమె కండ్ల నీళ్లే కనపడ్డయి, మాట వినపడలేదు. తర్వాత దానికి కూడా చీటీ కట్టిండ్రు.

వాన కొడుతున్నది. ఇంటికి తలుపు లేదు. గనిలో కప్పు మీదికి వస్తుంటే కట్టె ముందుగాల చప్పుడు చేస్తుండె, పారిపొమ్మని చెప్తుండె, యాదికున్నదా? ఇక్కడ ఏ చప్పుడూ లేదు. ఎటు పారిపోవాల్నో తెలుస్తలేదు.

బిడ్డకు ఏం చెప్పినవు?

మహమూద్


చొప్పదండి,
ఆగస్టు 27.

మహమూద్ భాయ్,

తలుపు సంగతి నాకు చెప్పకపోతివి. చెప్తే వద్దందును. అందుకే చెప్పలేదు గదా. సరోజన విని మొదలు నిన్ను తిట్టింది, తర్వాత మూలకు కూర్చొని ఏడ్చింది. మా తలుపులు రెండు రెక్కలు చూస్తుంటే నాకు సిగ్గయితున్నది.

బిడ్డకు ఏం చెప్పినవని అడిగినవు. నీ కుర్చీ అడవి కాడ ఆగింది, వస్తది అని చెప్పిన. "పులి కూసున్నదా దాంట్ల?" అన్నది. లేదు, అంజన్న అనే ఆయన కావలి ఉన్నడు అన్న. ఇప్పుడు రోజూ పొద్దున అంజన్న మంచిగున్నడా అని అడుగుతది.

నేను ఊరుకోలేక ఒక పని చేసిన. గోనె సంచిలో వడ్లు నింపి, నడుమ గుంత చేసి కుట్టి, దాన్నే బడికి మోసుకపోయిన. విజయేందర్ సార్ బల్ల ముందు పెట్టించిండు. మొదటి గంట బాగానే ఉన్నది. బాపూ నువ్వు పో అన్నది, బడి గేటు దాకా వచ్చిన. అంతల్నే సంచి కుట్లు విడిచి వడ్లు కారిపోయినయట. పిల్ల మెల్లగ జారి కింద పడ్డది. దెబ్బ పెద్దది కాదు, పెదవి పగిలింది. పిల్లలంతా వడ్లు ఏరుతున్నరు, ఇది నేల మీద పడి వాళ్లనే చూస్తున్నది. ఆ చూపు నాకు పోతలేదు భాయ్. సార్ వచ్చి నా చేతులు పట్టుకొని, "కుర్చీ వచ్చేదాకా ఆగుదాం గట్టయ్యా" అన్నడు.

మా బావమరిది కుమారస్వామి వచ్చిండు. "అరవై దాటినోడివి, నీ తర్వాత దీన్ని ఎవరు మోస్తరు బావా? హైదరాబాద్‌ల ఇసొంటి పిల్లల్ని ఉంచుకునే ఆశ్రమం ఉన్నది, ఇప్పుడే ఇయ్యి" అన్నడు. సరోజన అన్నం వడ్డిస్తుండె, గంటె అట్లనే ఆగింది. నేను పిల్లను ఎత్తుకొని బయటికి పోయిన. సన్నాసి మాట అయినా తప్పు మాట కాదు.

నువ్వు ఇంకేం తీసుకపోకు భాయ్. రెక్కలు పోయినంక మిగిలిన దర్వాజా చట్రం కూడా పీకుతవు నువ్వు, నాకు తెలుసు. నా ఒట్టు.

గట్టయ్య


జైనూర్,
అక్టోబర్ 14.

తమ్మీ,

నీ ఒట్టు కోసమే దర్వాజా ఉంచిన. అదే పనికొచ్చింది.

పైకి పోయిన కాగితం ఎక్కడ తిరిగిందో, ఆఖరుకు ఒక పెద్దాఫీసరుకు విచారణకు వచ్చింది. మొన్న ఆయనే వచ్చిండు, వానలో తడుసుకుంట. షాజాదీ తర్వాత అన్నది, తలుపు తట్టకుండా ఇంట్లకొచ్చిన ఒకే ఒక్క సర్కారు మనిషి అని. తట్టడానికి తలుపుంటే గదా.

మాట్లాడితే వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు పోదు. దర్వాజా చూపించిన. కింద గడప బండ మీద రెండు రెక్కలు తిరిగి తిరిగి పడ్డ గీతలున్నయి గదా, సగం చంద్రుడు లెక్క, ఇటొకటి అటొకటి. మా నాయిన కాలం నుంచి అరిగినవి. ఆయన గొంతుకూర్చొని వేలు పెట్టి ఆ గీత వెంబడి గీసిండు. చీర పక్కకు జరిపి వాన చూసిండు. షాజాదీ చాయ్ ఇస్తే నిలబడే తాగిండు. అక్కడే గోడకు ఆనిచ్చి కాగితం రాసిండు.

రెండూ వదిలిండ్రు. రెక్క ఇంటికి వచ్చింది. కుర్చీని ఈసారి కాగితం పెట్టి, చీటీ వేసి, సాదిక్ పంపుతుండు. వాడు బస్తాల నడుమ దాచనంటుండు, పైన్నే పెట్టి అందరికీ చూపిస్త అంటుండు.

వాన పడ్డది కుర్చీ మీద, ఏమన్నా ఉబ్బిందేమో చూడు. చేరంగనే రాయి. రాయకుంటే నేనే వస్త.

మహమూద్


చొప్పదండి,
నవంబర్ 3.

మహమూద్ భాయ్,

కుర్చీ చిన్నదైంది.

ఆగు, ఉత్తరం కింద పెట్టకు. భాభీకి అప్పుడే చెప్పకు. మొత్తం చదువు.

సాదిక్ కుర్చీని నెత్తి మీద పెట్టుకొని గల్లీ మొదటి నుంచి నడుచుకుంట వచ్చిండు. ఏం ఉబ్బలేదు, అంజన్న పట్టా పుణ్యం. సరోజన కడిగి, పసుపు బొట్టు పెట్టింది. పిల్లను ఎత్తి అందులో దింపిన. వీపు సరిపోయింది. నడుము సరిపోయింది. కుడి దిక్కు ఒరిగింది, నీ ఎత్తు పలక పట్టుకున్నది. అడ్డం పట్టె పెట్టి చేతులు తీసేసిన. వడ్లల్లో కూర్చున్నట్టే కూర్చున్నది భాయ్, ఇంకా నిటారుగ. కిందికి చూసుకొని, "బాపూ, నాకు ఒడి ఉన్నది" అన్నది. ఎనిమిదేండ్ల పిల్లకు ఒడి ఉన్నదని తెలియకపోవుడు నాకు ఎన్నడూ తట్టలేదు. పండుకున్న మనిషికి ఒడి ఎక్కడిది? పిల్లిపిల్లను తెచ్చి పెట్టమన్నది.

కానీ మోకాళ్లు పైకి లేచి ఉన్నయి. పాదాల పీట ఎత్తయింది. వంగి మళ్లీ చూసిన. ఇన్ని నెలలు కొట్లాడి, మీ ఇంటి తలుపు పోగొట్టి, ఆఖరుకు కొలత తప్పయిందా అని. సరోజన కుర్చీకి కట్టి ఉన్న నీ దారాలు విప్పింది. నల్లది పట్టుకొని, వంగి, పిల్ల మోకాలి నుంచి పాదం దాకా పెట్టింది. నన్ను చూసింది. మళ్లీ పెట్టింది.

"వేలి మందం తక్కువున్నది" అన్నది.

"దారం కుంచించుకపోయిందేమో" అన్న.

"దారం కాదు, పిల్ల. పిల్ల పెరిగింది."

తాడు ఇంట్లకు రానియ్యని ఆమెనే ఎర్రది పెట్టి చూసింది, తెల్లది పెట్టి చూసింది. వరండాలో పక్కింటోళ్ల ముందర కొలిచింది. ఎర్రది కూడా గోరంత తక్కువ. సాయంత్రం విజయేందర్ సార్ వచ్చి, "వడ్లు జారి గుంతలో కొలత తేడా వచ్చిందేమో" అనబోయిండు. నీళ్లు చల్లిన వడ్లు జారవు సార్ అని చాయ్ చేతిలో పెట్టిన. ఆ డాక్టరు చెప్పింది తప్పో, మేము విన్నది తప్పో నాకు తెల్వదు. రేపు ఎట్లుంటదో తెల్వదు. కుమారస్వామి అడిగినట్టు, నా తర్వాత దీన్ని ఎవరు మోస్తరో తెల్వదు. కానీ ఆ కుర్చీ అడవి కాడ వానలో ఆగి ఉన్నన్ని నెలలు మా బిడ్డ ఇంట్ల పండుకొని పెరుగుతనే ఉన్నది. మాకే తెలియలేదు. కొలిస్తే గదా తెలిసేది.

పీటను జర కిందికి దింపుదామని కుర్చీని బోర్లేసిన. అప్పుడు దొరికినవు దొంగా. రెండు కాళ్ల లోపలి దిక్కు, పీట కింద, ఒకదాని కింద ఒకటి మూడేసి తూట్లు, పిల్ల పెరిగిన కొద్దీ పీటను దింపుకుంట పోవడానికి. అన్నింట్లో కట్టె చీలలు కొట్టి, పైన రందా పట్టి, కండ్లకు కనపడకుండా నున్నగ చేసినవు. పెరుగుడుకు ఏమీ వదలలేదు అని రాస్తివి. వద్దని మేము చెప్పినా, డాక్టరు చెప్పినా, నువ్వు వదిలినవు. సరోజనకు చూపించిన. వేలు పెట్టి తడిమి, "పెద్దన్న దేవునికి వినపడకుండ అడిగిండు" అన్నది.

మొదటి జత చీలలు కొట్టి తీసిన. పీట దింపిన. పాదాలు సరిగ్గ ఆనినయి.

ఈ రోజు పొద్దున బడికి పోయింది. రెండు జడలు, రిబ్బన్లు. బల్ల కిందికి కుర్చీ జొరబడ్డది. గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసిన, పడలేదు. ఆఖరుకు సార్ వచ్చి "ఇక పో గట్టయ్యా, పిల్లలు నిన్నే చూస్తున్నారు, పాఠం వింటలేరు" అని తోలిండు.

ఈ సంగతి చెప్పాల్సినోళ్లు చాలామంది ఉన్నరు. నా దిక్కు నేను చెప్త, నీ దిక్కు నువ్వు చెప్పు.

జమ్మికుంటలో మా అక్క సత్తమ్మ. ఆమెకు చెప్తే పత్తి మార్కెట్ అంతటికీ తెలుస్తది, ఇంకెవరికీ చెప్పే పని లేదు.

గోదావరిఖనిలో మనతోని గనిలో పనిచేసిన లింగమూర్తి. నిన్ను బాబాయి అని పిలుస్తుండె గదా, నువ్వే రాయి. మన కట్టె నిలబడ్డదని రాయి, అర్థం చేసుకుంటడు.

కుమారస్వామికి నేనే చెప్త. ఎవరిదన్నా పెండ్లిలో, పదిమందిలో చెప్త.

అంగన్‌వాడీ పోశవ్వకు సరోజన చెప్తనన్నది. టేపు పట్టుకొని రమ్మని.

చెక్‌పోస్టు అంజన్న మనకు చుట్టం కాదు. ఇప్పుడు అయిండు. నువ్వు అటు పోయినప్పుడు, రేవతి మంచిగున్నవా అని అడిగిందని చెప్పు.

తడుసుకుంట వచ్చిన ఆ ఆఫీసరు పేరు నీకు తెలిస్తే ఆయనకు.

ఆఖరుకు షాజాదీ భాభీకి. జాగ్రత్తగ చెప్పు. కుర్చీ చిన్నదైందని మొదలు పెట్టకు, నా లెక్క. ముందుగాల పిల్ల పెరిగిందని చెప్పు. దగ్గరికి పోయి, గట్టిగ, నీ చెవిలో ఆమె అరిచినట్టు అరిచి చెప్పు. తర్వాత, ఒక జతనే విప్పినమని, కింద ఇంకా రెండు జతలు ఉన్నయని చెప్పు.

నీ తమ్ముడు
గట్టయ్య